కోడి రామ్మూర్తి: బలమూ, ప్రదర్శనమూ

సంక్రాంతి వచ్చినదంటే ఉద్దానపు ఊళ్ళలో సంగిడిరాయి నేల విడిచి లేవవలసినదే. టెక్కలి దాటి, పలాస మీదుగా సముద్రం వైపు నడచిన కొలదీ కొబ్బరితోటలూ, జీడితోటలూ, పనసచెట్లూ చిక్కబడుతాయి. ఆ నీడలలోని పల్లెలలో రామమందిరం ముంగిట పట్టుకొనుటకు పిడి తొలిచిన బరువైన రాయి ఒకటి పడి ఉంటుంది. పండుగనాడు డప్పులు మ్రోగుతూ ఉండగా యువకులు ఒకరి తరువాత ఒకరు వచ్చి దానిని నేలనుండి భుజానికీ, భుజంనుండి తలపైకీ ఎత్తుతారు. ఎత్తినవానికి మెచ్చుకోలు, ఎత్తలేనివానికి నవ్వులు. అక్కడ ఎవ్వరూ మోసం మాట తలపెట్టరు. పండుగ గడచిన తరువాత కూడ రాయి అక్కడనే ఉంటుంది గదా! సందేహించినవాడు మరునాటి ఉదయం ఒంటరిగా వచ్చి పట్టి చూచుకొనవచ్చును.

సర్కసు డేరాలోని సంగతి వేరు. అక్కడి గొలుసు ప్రదర్శకునిది, పలక ప్రదర్శకునిది, ఏనుగు కూడ ప్రదర్శకునిదే. టిక్కెట్టు కొన్నవాడు దూరాన బల్లమీద కూర్చుండి చూచి, చప్పట్లు కొట్టి ఇంటికి పోవలెను. దారిలో అతని మనస్సున ఒక ప్రశ్న పుట్టక మానదు: తాను చూచినది బలమా, కనికట్టా? ఈ ప్రశ్న నడుమ జీవితమంతా నిలబడిన మహాబలుడు కోడి రామ్మూర్తి నాయుడు. కలియుగ భీముడని తెలుగువారు ఆయనను పిలుచుకొన్నారు. ఆ బిరుదు చాటున అసలు మనిషి కొంత మరుగుపడినాడు.

ఆయన 1882లో వీరఘట్టంలో జన్మించినారు. ఆనాడు అది విశాఖపట్టణం జిల్లాలోనిది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడగా అందు చేరినది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసినది. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి ఆయన పసితనమందే గతించినది. తల్లిలేని పిల్లవాడు చదువుకన్న ఆటకూ, ఆటకన్న తగవుకూ ముందుండేవాడట. ప్రతిదినం ఊరి రాజచెరువు దగ్గరకు పోయి కసరత్తు చేసేవాడనీ, అక్కడ ఒక సన్న్యాసి కనబడి ప్రాణాయామ రహస్యం ఉపదేశించినాడనీ వీరఘట్టంలో చెప్పుకొంటారు. మన దేశంలో ఏ విద్యలోనైనా అసాధారణుడైన వానికి ఒక సన్న్యాసి గురువుగా లభించకుండుట అరుదు. ఆ సన్న్యాసి ఎవరైనను కాకున్నను, ఊపిరిని అదుపులో ఉంచుకొనుట అనే విద్య మాత్రం రామ్మూర్తికి బాల్యంలోనే పట్టుబడినదనుటకు ఆయన తరువాతి జీవితమే నిదర్శనం.

కొడుకు అల్లరి భరించలేక తండ్రి ఆయనను విజయనగరంలో పోలీసుశాఖలో ఉద్యోగిగా ఉన్న పినతండ్రి ఇంటికి పంపినాడు. ఈ పంపకమే అదృష్టమైనది. ఆనాటి విజయనగరం సంస్థాన నగరం. గురజాడ అప్పారావుగారి నాటకమూ, ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథా ఒకే ఊరిలో వర్ధిల్లుతున్న కాలమది. విద్వాంసునకు సభ ఉన్నట్లే మల్లునకు తాలింఖానా ఉండెడిది. వేకువనే లేచి గోదాలోని మట్టి త్రవ్వి మెత్తచేయుట, వందలకొలది దండీలు, బస్కీలు తీయుట, గద త్రిప్పుట, వస్తాదు చెప్పిన పట్లు సాధన చేయుట, ఇదీ అక్కడి చదువు. పాఠశాలలో కుదురులేని బాలుడు ఇక్కడ కుదురుకొన్నాడు.

ఇరువదియొక్క ఏండ్ల వయస్సుకే ఆయన రొమ్ముమీద టన్నున్నర బరువు మోసినాడనీ, తరువాత అది మూడున్నర టన్నులకు పెరిగినదనీ జీవితచరిత్రకారులందరూ వ్రాస్తారు. ఈ అంకెలు చదివినపుడు కొంచెం నిదానించవలెను. మోయుట వేరు, ఎత్తుట వేరు. శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకం గెలిచినపుడు ఎత్తినది రెండు విధాలుగా 110, 130, వెరసి 240 కిలోలు. ఆ ఇనుపచక్రాలను ముందుగా తూచినారు. ముగ్గురు న్యాయనిర్ణేతలు కన్ను ఆర్పక చూచినారు. రామ్మూర్తి కాలంలో అట్టి త్రాసూ లేదు, అట్టి న్యాయనిర్ణేతలూ లేరు. రొమ్ముమీది బరువును నేలమీద పరుండి, పలక సాయంతో, కొద్ది నిమిషాల కాలం భరించుతారు. అందుచేత టన్నుల అంకె చూచి నమ్మలేక పెదవి విరువనూ కూడదు, కిలోల అంకెతో పోల్చి పొంగిపోనూ కూడదు. అవి రెండు భిన్నమైన పనులు.

తరువాత ఆయన మద్రాసుకు పోయి సైదాపేట కళాశాలలో ఒక సంవత్సరం వ్యాయామశిక్షణ పొంది, విజయనగరం తిరిగి వచ్చి ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడైనాడు. ఉపాధ్యాయులకు ఈ సంగతి కొంత సంతోషం కలిగించవచ్చును. కలియుగ భీముడు మొదట ఈల చేతబట్టుకొని పిల్లలను వరుసలో నిలబెట్టిన డ్రిల్లు మాష్టరే. డ్రిల్లు మాష్టరు జీతమూ, సంఘంలో ఆ పదవికి గల గౌరవమూ ఎంతటివో చెప్పనక్కరలేదు. బలమే తన ఆస్తియైన యువకునకు ఆ మైదానం చాలలేదు.

ఆనాడు సర్కసు మన దేశానికి కొత్తది. విష్ణుపంత్ ఛత్రే అను మహారాష్ట్రుడు 1880లో బొంబాయిలో తొలి భారతీయ సర్కసు నెలకొల్పినాడు. కలకత్తాలో బోసుగారి సర్కసు 1887లో వెలసినది. తలచేరిలో కీలేరి కుంజికణ్ణన్ ఇరువదవ శతాబ్ది ఆరంభంలో సర్కసు విద్యకు పాఠశాలనే తెరచినాడు. తెలుగుదేశంలో ఆ బాటను పట్టినవాడు రామ్మూర్తి. విజయనగరంలో మిత్రుల ప్రోత్సాహంతోనూ, జమీందారుల ఆదరంతోనూ సర్కసు కంపెనీ ప్రారంభించి దేశం మీదికి బయలుదేరినాడు. అంతకు కొన్ని ఏండ్ల ముందే, 1890ల దశకంలో, తూర్పుతీరం వెంబడి రైలుమార్గం పూర్తి కావడం ఆయనకు కలిసివచ్చినది. విజయనగరంనుండి కలకత్తా పోవలెనన్న బండి నౌపడా, పలాసల మీదుగానే పోవలెను. సర్కసు కంపెనీ ఎడ్లబండ్లపై ఊరూరు తిరుగు దినాలలో నాలుగు జిల్లాలకు మించి పేరు పోదు. రైలు వచ్చిన తరువాత డేరా, జంతువులు, మనుషులు అన్నీ వ్యాగన్లలో ఎక్కితే బరంపురం, కటకం, కలకత్తా, కాశీ, బొంబాయి ఒకే సంవత్సరంలో చుట్టి రావచ్చును.

డేరాలో ఆయన చూపిన పనులలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది గొలుసు. శరీరానికి ఇనుపగొలుసు బిగించి, ఊపిరి పూరించి, కండలు పొంగించి దానిని త్రెంచుట. ప్రపంచమంతటా బలప్రదర్శకులను అత్యధికంగా అపకీర్తి పాలు చేసినది ఈ గొలుసే. ఒక కడియాన్ని ముందుగా ఆకురాయితో అరగదీసి, మైనం వంటిది పూసి మూసిపెట్టుట పాశ్చాత్యరంగస్థలాలపై తెలిసిన మోసమే. 1889లో లండనులో శాంప్సన్ అను బలప్రదర్శకుడు తనను ఎదుర్కొనగలవారు రమ్మని సవాలు చేయగా, జర్మనీనుండి వచ్చిన యూజెన్ శాండో అను యువకుడు వేదిక ఎక్కి అతని గొలుసుపనులను తానూ చేసి చూపినాడు. ఆ ఒక్కరాత్రితో శాంప్సన్ పేరు పడిపోయినది, శాండో పేరు నిలిచినది. గొలుసు ఎప్పుడూ తనలోని మిక్కిలి బలహీనమైన కడియం దగ్గరనే తెగుతుంది. ఆ బలహీనత కమ్మరి కొలిమిలో ఏర్పడినదా, ప్రదర్శకుడు రహస్యంగా చేసినదా అనునదే ప్రశ్న. దానికి సమాధానం చెప్పగలిగినది గొలుసును చేతబట్టి చూచినవాడు మాత్రమే. రామ్మూర్తి రొమ్ము ఊపిరితో ఎంత విప్పారెడిదో కన్నవారు ఆశ్చర్యంతో చెప్పినారు. ఛాతీతోబాటు వీపుకండలు కూడ ఒక్కసారి పొంగినపుడు గొలుసుపై కలుగు ఒత్తిడి సామాన్యమైనది కాదు.

రెండవది మోటారుకారు. రెండు కార్లకు కట్టిన గొలుసులనో మోకులనో తన శరీరానికి ఆనించుకొని, అవి కదలకుండ నిలిపివేయుట. భౌతికశాస్త్రం చదువుకొన్న విద్యార్థి ఇక్కడ ఒక లెక్క అడుగవచ్చును. పరుగెత్తుతున్న కారును మానవుడు ఆపలేడు. కాని నిలిచి ఉన్న కారుకు ఇంకా వేగమనునది లేదు. దాని లాగుడు యంత్రబలంపైనా, చక్రానికి నేలకు గల పట్టుపైనా ఆధారపడి ఉంటుంది. ఆనాటి కార్ల యంత్రాలు చిన్నవి. సర్కసు మైదానపు నేల వదులుది. కారు మొదటి అంగుళం కదలక ముందే దానిని పట్టి ఉంచగలిగితే చక్రమైనా జారుతుంది, యంత్రమైనా ఆగిపోతుంది. ఆ మొదటి అంగుళం దగ్గరనే సమస్తమూ ఉన్నది. దానిని పోగొట్టుకొన్న మనిషి కీళ్ళు ఊడి నేలపై పడుతాడు. కాబట్టి ఇది మోసం కాదు. సమయం తెలిసిన బలం. రెండు కార్లు రెండు వైపులకు లాగుతున్నపుడు ఒకదాని లాగుడు మరొకదానికి కొంత ఎదురుబలమవుతుందనుట నిజమే. కాని ఆ రెండింటికి నడుమ త్రాడు కాగలిగిన శరీరం కావలె గదా!

మూడవది ఏనుగు. చూచినవారు జన్మలో మరువలేనిది ఇదే. రామ్మూర్తి వెల్లకిల పరుండుతాడు. రొమ్ముపై పెద్ద పలక వేస్తారు. ఏనుగు మెల్లగా దానిపైకి నడచి నిలుస్తుంది. డేరాలోని వేలమంది ఊపిరి బిగపట్టుతారు. వారందరికన్న గట్టిగా ఊపిరి బిగపట్టినవాడు క్రింద ఉంటాడు. ఏనుగు దిగినపుడు ఆయన లేచి నమస్కరిస్తాడు.

పెరిగిన ఏనుగు బరువు రెండున్నర, మూడు టన్నులుంటుంది. పలక లేక ఏనుగు పాదం నేరుగా రొమ్ముపై పడినచో ఎట్టి మల్లుడైనా మరణించవలసినదే. పలక ఆ భారాన్ని విశాలంగా పరచుతుంది. పలక కొస నేలపై ఆనినచో భారంలో కొంత నేలయే మోస్తుంది. గాలి నిండిన బంతిని అదిమినపుడు అది ఎదురొత్తినట్లే, కంఠం బిగించి ఊపిరితిత్తులలో నిలిపిన గాలి ప్రక్కటెముకలకు లోపలినుండి దన్నుగా నిలుస్తుంది. ఇదీ ఆ పని రహస్యం. రహస్యం తెలిసినంతనే పని సులభం కాలేదు. ఎంత తగ్గించి లెక్కించినా ఆ ఛాతీపై పడునది మానవమాత్రునకు ప్రాణాంతకమైన భారమే. ఊపిరి ఒక్క క్షణం జారినచో ఎముకలు విరుగును. (విద్యార్థులెవ్వరూ చిన్న బరువులతోనైనా దీనిని అనుకరించరాదు.) ఆయనపై అసూయగలవారు ఒకమారు గట్టి పలకను మార్చి బలహీనమైనది పెట్టినారనీ, ఏనుగు ఎక్కగనే అది విరిగి ముక్క రొమ్ములో దిగబడినదనీ ఒక కథ ఉన్నది. ఆ కథలోని కుట్ర మాట ఎట్లున్నను, పలక అక్కరలేదని ఆయన అభిమానులు కూడ ఏనాడూ అనలేదన్నది అందులో గమనింపదగినది.

మరి ప్రదర్శనమో? ఆ విషయంలో ఆయన ఎవ్వరికీ తీసిపోలేదు. తన పేరుకు ముందు ప్రొఫెసరు అను మాట చేర్చుకొన్నారు. ఏ విశ్వవిద్యాలయమూ ఇచ్చినది కాదది. సర్కసు ప్రపంచంలోని వాడుక. బ్యాండు మ్రోగవలె, దీపాలు వెలుగవలె, చిన్న పనులు ముందు, పెద్ద పనులు వెనుక రావలె, ఏనుగు అన్నిటికన్న చివర రావలె. ఇదంతా కట్టుదిట్టమైన రంగస్థలవిద్య. దీనిని తప్పుపట్టిన నీతిపరులు లేకపోలేదు. కాని హరికథకుడు గజ్జెలు కట్టినంత మాత్రాన కథ అబద్ధమగునా? ప్రేక్షకుని కన్ను ఎక్కడ నిలుపవలెనో తెలియని బలుడు తాలింఖానాలోనే ముసలివాడవుతాడు.

అయితే ఒక విషయంలో రామ్మూర్తి స్థితి పాశ్చాత్య ప్రదర్శకుల స్థితి వంటిది కాదు. లండనులో శాంప్సన్ ఓడినపుడు ఒక్క శాంప్సన్ పేరే పోయినది. రామ్మూర్తి ప్రఖ్యాతి చెందిన కాలం వంగవిభజన జరిగిన 1905 తరువాతి స్వదేశీ కాలం. భారతీయులు బలహీనులు, యుద్ధానికీ పాలనకూ పనికిరానివారు అని ఆంగ్లేయులు పుస్తకాలలో వ్రాసిన రోజులవి. బెంగాలులో, మహారాష్ట్రంలో యువకులు ఆ నిందను చెరుపుటకై వ్యాయామశాలలు పెట్టుకొన్నారు. అట్టి సమయంలో మాంసం ముట్టని ఒక భారతీయుడు, శాండో ఇనుపగుండ్లతో గాక దండీ బస్కీలతో, ప్రాణాయామంతో పెంచిన శరీరంతో ఏనుగును మోసినాడు. ఆ డేరా వినోదస్థలంగా మాత్రమే మిగిలిపోలేదు. ప్రదర్శన నడుమ ఆయన యువకులకు వ్యాయామాన్ని గూర్చీ, బ్రహ్మచర్యాన్ని గూర్చీ ఉపన్యసించేవారు. విన్నవారు ఇంటికి పోయి గోదాలు త్రవ్వుకొన్నారు. పూనాలో తిలక్‌గారు ఆయనను ఆదరించి మల్లమార్తాండ బిరుదం ప్రసాదించినారనీ, అలహాబాదులో కాంగ్రెసు మహాసభ సమయంలో మదనమోహన మాలవీయగారు ఆయన ప్రదర్శనం ఏర్పాటు చేయించినారనీ చరిత్రకారులు చెప్పుతారు. ఇట్టి స్థితిలో ఒక్క గొలుసులో ఒక్క అరగదీసిన కడియం బయటపడినచో తలవంచుకొనవలసినది ఆయన ఒక్కడే కాదు, ఆయనను చూచి ఛాతీ విరిచిన ప్రతి పల్లె కుర్రవాడూను. అంతటి పూచీని ఊరూరా, రాత్రివెంబడి రాత్రి, సంవత్సరాల తరబడి ఆయన నెత్తిన వేసుకొన్నాడు. ఏనుగుకన్న అది తక్కువ బరువేమీ కాదు.

ఈ పూచీ కారణంగానే ఆయనను గూర్చిన కథలను వేరుచేసి చూచుట అవసరం. వైస్రాయి మింటో విశాఖపట్టణంలో కారు పనిని సందేహించి తానే కారులో కూర్చుండి నడిపించగా, అది అంగుళమైనా కదలలేదని ఒక కథ ప్రసిద్ధం. దీనిలోని సూక్ష్మం జనులకు బాగుగా తెలుసును. జీతానికి కుదుర్చుకొన్న డ్రైవరు మాటకన్న, పాలకుడైన మింటో కాలు నొక్కిన యంత్రం మాట గట్టిది. శాండో 1904-05 ప్రాంతంలో భారతదేశం పర్యటించినపుడు రామ్మూర్తి రహస్యంగా అతని బరువులు ఎత్తి చూచుకొని సవాలు విసిరినాడనీ, శాండో వెనుదీసినాడనీ మరొక కథ. ఇది నమ్ముటకు ఇంపుగా ఉన్నది. ఇంపుగా ఉన్నందువలననే జాగ్రత్త అవసరం. జరగని పోటీలో గెలుపు ఓటములు లేవు. స్పెయిను దేశంలో కొమ్ములు పట్టి ఎద్దును పడవేసినాడన్న కథ అంతకన్న దూరపుది. లండనులో చక్రవర్తి అయిదవ జార్జి ఎదుట ప్రదర్శించి ఇండియన్ హెర్క్యులీస్ అను బిరుదు పొందినట్లు పెక్కు జీవితగాథలు వ్రాస్తాయి. సముద్రం దాటినకొద్దీ కథలకు రెక్కలు మొలుస్తాయి. వేలమంది మనవాళ్ళు మన ఊళ్ళలో కన్నులార చూచిన ఏనుగు ఉండగా, ఎవ్వరూ చూడని ఎద్దుతో మనకు పనియేమి?

ఆ కాలపు కుస్తీ చరిత్ర కూడ ఈ వెలుగులో చూడదగినది. రామ్మూర్తి తాలింఖానాలో మల్లవిద్య నేర్చినవాడే అయినను, వృత్తిరీత్యా ఆయనను మల్లుడనుటకన్న బలప్రదర్శకుడనుటే సరి. మల్లునిగా ప్రపంచపు నమ్మకాన్ని పరీక్షకు పెట్టిన భారతీయుడు గామా. ఒక వంగదేశపు ధనికుని సాయంతో 1910లో గామా లండను వెళ్ళినాడు. సెప్టెంబరు 10వ తేదీన పోలెండు దేశపు జిబిస్కో రెండున్నర గంటలకు పైగా నేలను కరచుకొని పడియుండి, గామాకు దొరకక తప్పించుకొన్నాడు. చూచినవారికి విసుగు పుట్టినదట. మరువారం మళ్ళీ పోటీ పెట్టగా జిబిస్కో రానేలేదు. 1928లో పటియాలాలో ఇద్దరూ తిరిగి తలపడినపుడు ఒక్క నిమిషంలోపలనే గామా అతనిని వెల్లకిల వేసినాడు. నిజమైన కుస్తీకి ఇదీ చిక్కు: ఒకనాడు రెండున్నర గంటలు ఏమీ జరగదు, మరొకనాడు కన్ను ఆర్పులోపల అంతా అయిపోతుంది. రెండు విధాలా టిక్కెట్టు కొన్నవాడు తృప్తిపడడు.

ఈ చిక్కును అమెరికావారు 1920లలో తమ పద్ధతిలో విప్పుకొన్నారు. లూయిస్ అను మల్లుడూ, శాండో పేరును తనకు తగిలించుకొన్న అతని వ్యవహర్తా, మాంట్ అను మరొక మల్లుడూ కలిసి కుస్తీని నాటకం వలె కూర్చినారు. ఎవరు గెలువవలెనో ముందే నిర్ణయం. ఎగిరిపడుటలు, విసరివేయుటలు, కాలపరిమితి, మరల పగతీర్చుకొను పోటీ, అన్నీ ఏర్పాటే. వినోదం పెరిగినది, వసూళ్ళు పెరిగినవి. మన దేశంలో 1950లలో దారాసింగ్, కింగ్‌కాంగ్‌ల కుస్తీలు ఏ నగరంలో జరిగినా జనం విరగబడినారు. దారాసింగ్ బలం బూటకమని ఎవ్వరూ అనలేరు; ఆయన గోదాలో పెరిగిన మల్లుడే. కాని పోటీ ఫలితం ఎక్కడ నిర్ణయమైనదో ప్రేక్షకుడు అడుగుట మానినాడు. అడుగకుండుటయే ఆ ఆటలోని ఒప్పందం. మల్లుడు నొప్పి నటించుతాడు, ప్రేక్షకుడు నమ్మకం నటించుతాడు.

రామ్మూర్తి ప్రేక్షకులు అట్టి ఒప్పందం ఎరుగరు. వారు సంగిడిరాయి చూచి పెరిగినవారు. బ్యాండు వాయించు, దీపాలు పెట్టు, బిరుదులు తగిలించుకో, కాని ఏనుగు మాత్రం నిజంగా ఎక్కవలె. ఇదీ వారి పట్టుదల. ఆయన ఇటు ఆటను రక్తికట్టించుచునే అటు ఆ పట్టుదలకు కట్టుబడినాడు.

సర్కసువలన లక్షలు వచ్చినవి. వచ్చినవి వచ్చినట్లే పోయినవి. దానధర్మాలకు కొంత, దేశకార్యాలకు కొంత, జంతువుల మేతకూ, వందలాది మనుషుల అన్నానికీ మిగిలినది. ధనం నిలువచేయు కిటుకు బలవంతులలో కొద్దిమందికే తెలుసు. వయస్సు మళ్ళినకొద్దీ కంపెనీ చెదరినది. అంతలో కాలిమీద రాచపుండు లేచినది. పురాణాలలో భీముని తొడకు ఏమీ కాలేదు. ఈ భీముని కాలు వైద్యులు తీసివేయవలసి వచ్చినది. శస్త్రచికిత్సకు మత్తుమందు వలదని చెప్పి, ప్రాణాయామం చేసి ఊపిరి నిలిపి, వైద్యులు కోయుచున్నంతసేపూ ఆయన కదలకుండ పడియుండినాడని చెప్పుతారు.

ఇది కూడ కథలలో ఒకటి కావచ్చునేమో. కాని ఎద్దుకథవలె దీనిని తోసివేయుటకు మనస్సు ఒప్పదు. ఇందు బ్యాండు లేదు, డేరా లేదు, టిక్కెట్టు లేదు, చప్పట్లు లేవు. చూచినవారు వైద్యులు నలుగురు. వారు మెచ్చుకొన్నందువలన కాలు తిరిగి రాదు. రొమ్ముపై ఏనుగును నిలిపినది ఏ ఊపిరియో, ఇక్కడ కత్తిని ఓర్చుకొన్నదీ ఆ ఊపిరియే. కుర్రతనంలో రాజచెరువు గట్టున మొదలైన సాధనకు ఇది చివరి పాఠం.

చివరి దినాలలో ఆయన ఒడిశాలోని పాట్నా సంస్థానపు రాజు ఆదరణలో బలంగీరులో గడపినారు. ఒకప్పుడు వ్యాగన్లనిండ జంతువులతో దేశం తిరిగినవాడు ఒక కాలితో, కొద్దిమంది ఆప్తులతో అక్కడ ఉండిపోయినాడు. 1942 జనవరిలో, సంక్రాంతి నెలలో, ఒక రాత్రి సంతోషంగా పాటలు పాడి నిద్రించినాడనీ, మరునాడు లేవలేదనీ అక్కడివారు చెప్పినారు. విశాఖపట్టణంలో సముద్రపుటొడ్డున ఆయన విగ్రహం నిలిపినారు. శ్రీకాకుళం పట్టణంలోని క్రీడామైదానానికి ఆయన పేరు పెట్టినారు. ఆ జనవరిలో కూడ ఉద్దానపు ఊళ్ళలో సంగిడిరాళ్ళు యథాప్రకారం లేచి ఉండును. బలంగీరు వార్త అక్కడికి చేరుటకు ఎన్ని దినాలు పట్టినదో.